నలభయ్యో రోజు కోసం కొట్టిన గోడ

"స్లాబు పడితే నీ ఒక్కదాని మీదే పడుద్దా వదినా, మా మీద పడదా?" అన్నాడు మరిది.

"మీ మీదెలా పడుద్ది? నువ్వు పడుకునేది బాపట్లలో కదా," అన్నాను.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. అతను చెప్పులేసుకుని బస్టాండుకి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ బాపట్లలో ఒక బట్టల కొట్లో గుడ్డ కొలుస్తూనే ఉన్నాడు. నాతో మాట్లాడడు, నేనూ మాట్లాడను.

నా భర్త తెనాలిలో సెంట్రింగ్ మేస్త్రి. ఊళ్ళో అందరి స్లాబులకూ చెక్కలు కట్టి కట్టి, చివరికి మాకంటూ రెండు గదులు, వెనక వంటిల్లు వేశాడు. పిల్లర్లు లేవు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలే. రెండు గదుల మధ్య గోడను అరచేత్తో చరిచి, "స్లాబు బరువు సగం దీని నెత్తినే ఉంది. మేకు కొట్టాలన్నా నన్నడిగి కొట్టు," అనేవాడు. ప్లాస్టరింగ్ కాకముందే చేరాం. గోడల తడి ఆరకముందే, ఛాతీలో నొప్పని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

నేను ఇద్దత్‌లో కూర్చున్నాను. భర్త పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ళ కంట పడకుండా ఇంట్లోనే ఉండాలి. ఇద్దరాడపిల్లలతో వంటింట్లో ఉన్నాను, గుమ్మానికి దుప్పటి కట్టుకుని. బయట పెత్తనమంతా మరిదిది.

నలభయ్యో రోజు పోయినాయన పేరు మీద ఫాతెహా చదివించి బంధువులకు భోజనం పెట్టాలి. మరిది అత్తింటివాళ్ళు బాపట్ల నుంచి వస్తారు. వాళ్ళను ఇరుకు గదుల్లో విడివిడిగా కూర్చోబెడితే తన పరువు పోతుందని అతని బాధ. అన్న పోయిన బాధ కాదు, అది.

ఒక రోజు పొద్దున సుత్తి దెబ్బలు వినపడ్డాయి. ప్లాస్టరింగ్ పనేమో అనుకున్నాను. పప్పుగిన్నెలో పైనుంచి సిమెంటు పెచ్చు పడింది.

"ఏ గోడ అది?" అని దుప్పటి వెనకనుంచే అడిగాను.

"మధ్య గోడ వదినా. రెండూ కలిపి హాలు చేస్తన్నాం."

"దాని మీదే స్లాబు నిలబడింది. మీ అన్న చెప్పాడు."

"అన్న చెక్కలు కట్టేవాడు, ఇంజనీరేం కాదుగా."

పక్కనుంచి మా అత్తగారు అందుకుంది. "ఇద్దత్‌లో ఉన్న ఆడదానివి, అంత గొంతేంటే నీకు?"

సుత్తి ఆగలేదు. పిల్లలిద్దరినీ పెరట్లోకి తోశాను. ముసుగేసుకుని, దుప్పటి తీసి, అవతలికి వెళ్ళాను. అప్పటికే గోడ పైనుంచి సగానికి దిగిపోయింది. నెత్తిమీద స్లాబుకు ఈ చివరనుంచి ఆ చివరకు వెంట్రుకంత గీత పడింది. కొట్టేది రేపల్లె నుంచి తెచ్చిన మేస్త్రి. నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకుని నిచ్చెన దిగాడు.

"నేను చెప్పానమ్మా. కింద కర్రలు పెట్టకుండా కొట్టకూడదని. ఆయన వినలా."

"తెలిసినోడివి, నువ్వెందుకు కొట్టావు?"

అతను తలొంచుకున్నాడు. ఆ రోజు తలొంచుకుంది అతనొక్కడే. వెళ్ళి సరుగుడు కర్రలు తెచ్చి స్లాబు కింద వరసగా బిగించాడు.

మావాళ్ళెవరూ పైకి చూడలేదు. ముసుగు ఎంతవరకు ఉంది, మేస్త్రి మొహం చూశాడా లేదా, అదే గొడవ. నాకు రోత పుట్టింది.

నలభయ్యో రోజు ఆ కర్రల మధ్యనే భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్ పరిచి బిర్యానీ పెట్టారు. ఒకాయన కర్రకు చొక్కా తగిలించాడు. ఇంకొకాయన కర్రకు వీపు ఆనించి ఎముక చీకుతూ, నేను ఇద్దత్ చెడగొట్టడం తప్పని తీర్పు చెప్పాడు. బిర్యానీ వాసన తగిలితే ఇప్పటికీ నాకు పళ్ళ మధ్య ఇటుక పొడి కరకరలాడుతుంది.

మర్నాడు, గోడ మళ్ళీ కట్టించి పొమ్మని మరిదిని అడిగాను. దానికి వచ్చిన జవాబే నేను మొదట చెప్పింది.

ఇద్దత్ పూర్తయ్యాక ఆ రేపల్లె మేస్త్రినే పిలిపించి గోడ కట్టించుకున్నాను. "ఇది నిలబడుద్దమ్మా, కానీ పాతదానిలాగా మొయ్యదు," అన్నాడు. అందుకని రెండు కర్రలు తీయలేదు. స్లాబు గీతలో అప్పుడు గోరు కూడా పట్టేది కాదు. ఇప్పుడు అగ్గిపుల్ల దూరుతోంది. పిల్లల్ని దాని కింద పడుకోనివ్వను. వాన పడినప్పుడల్లా కుర్చీ ఎక్కి అగ్గిపుల్ల పెట్టి చూస్తాను.

బాపట్లలో అతను చెప్పేదేంటంటే, వదిన ఇద్దత్ చెడగొట్టింది, అందుకే ఇల్లు బీటలిచ్చిందని. నమ్మేవాళ్ళూ ఉన్నారు. ఛీ. అందుకే నా తమ్ముడి కూతుర్ని కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నాను. ముందు గోడ పగిలింది. నేను బయటికొచ్చింది తర్వాత.

ఆ వరస తప్పకుండా రాశావా బేటీ? తిట్లు తీసేశావేమో కూడా చూడాలి. ఏదీ, మొదటినుంచి చదువు.