పదకొండు తాళంచెవులు

ఖిదిర్‌పూర్ ఓడల డాక్ వెనక మేమున్న చోటుని చుట్టుపక్కల బెంగాలీలు కెల్లా అనేవారు. మేం కోట అనేవాళ్ళం. నిజానికది కోటా కాదు, పాడూ కాదు. ఒక మూల గుండ్రటి బురుజు, గోడల మీద పళ్ళూడిన దవడలాంటి రాతి అంచు, లోపల పద్నాలుగు గదులు. ఆ గదుల్లో మేమెప్పుడూ పడుకోలేదు. గేటు పక్క పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాలుగు తరాలుగా ఆ గేటు తీసిందీ మూసిందీ మేమే.

దాన్ని కట్టించింది జనపనార వ్యాపారం చేసిన ఒక ఐర్లాండ్ దొర. వాళ్ళ దేశంలో వాళ్ళ తాతల కోట చేతులు మారీ మారీ ఎవరి పాలో అయిందట. ఆ కడుపుమంటతో ఇక్కడ అలాంటిదే చిన్నది కట్టుకున్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి డాక్‌లో కూలికొచ్చిన మా ముత్తాతను గేటు దగ్గర పెట్టుకున్నాడు. దొర పోయాక దొరసాని దాన్ని ఒక మార్వాడీ సేటుకి అమ్మేసింది. యుద్ధం రోజుల్లో సైన్యం తీసుకుంది, తర్వాత సేటుకే తిరిగిచ్చింది. సేటు ఒక బెంగాలీ వకీలుకి అమ్మాడు. వకీలు పోయాక ముగ్గురు కొడుకులూ దాన్ని పంచుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఏళ్ళ తరబడి కాపురాలు చేశారు. రాజుల సొమ్ము రాళ్ళపాలంటారు గానీ, ఇక్కడ రాళ్ళకే దిక్కు లేకపోయింది.

ఇదంతా నేను కాగితాల్లో చదివింది కాదు. సాయంత్రం ప్రార్థనలో మా అమ్మ యజమానులందర్నీ వరసగా తలుచుకునేది. దొర, దొరసాని, సేటు, సైన్యం పెద్దదొర, వకీలుబాబు. ఆ తర్వాతే నా పేరు వచ్చేది. చిన్నప్పుడు నాకు ఒళ్ళు మండేది. కన్నకూతురికంటే వీళ్ళెక్కువా అని.

యజమాని మారిన రోజుకి మా ఇంట్లో ఒక ఆచారం ఉంది, ముత్తాత పెట్టింది. సామానంతా మూటగట్టి గేటు బయట పెట్టాలి. కొత్త యజమాని చేతికి తాళంచెవుల గుత్తి ఇవ్వాలి. ఆయన గుత్తి తిరిగిచ్చి లోపలికి రమ్మంటేనే మళ్ళీ గడప తొక్కాలి. సేటు పావుగంటలో పిలిచాడట. సైన్యం దొర టీ కూడా ఇప్పించాడట. వకీలుబాబు వచ్చినప్పుడు అమ్మకి ఆరేళ్ళు. ఆయన నవ్వి, అమ్మ కూర్చున్న ట్రంకుపెట్టెని తనే లోపలికి మోశాడు. ఆ సంగతి అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో నాకు గుర్తు లేదు.

పోయిన ఏడాది ముగ్గురు కొడుకులూ జన్మలో మొదటిసారి ఒక మాట మీదికొచ్చి, కోటని అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీకి అమ్మారు. నేను పనిచేసే బడిలో తోటి టీచరు ఒకామె ఉంది. వాళ్ళాయన కోర్టులో లాయరు. ఆయన నాకు ఒక్కటే మాట చెప్పాడు: "దీదీ, ఏమైనా సరే, సామాను కదపకండి. తాళాలు ఇవ్వకండి. మీరు లోపలున్నంత వరకూ మిమ్మల్ని ఎవరూ అంత తేలిగ్గా పంపలేరు."

అదే అమ్మకి చెప్పాను. పోట్లాడాను. బతిమాలాను.

"అడక్కుండా ఉండిపోతే దొంగలకీ మనకీ తేడా ఏటే?" అంది.

"అమ్మా, వాళ్ళు వకీలుబాబులు కారు."

"నీకేటి తెలుసు? ఇచ్చి సూడు, ఆళ్ళే పిలుత్తారు."

కంపెనీ మనిషి వస్తానన్న రోజు పొద్దున, డెబ్బై దాటిన మనిషి ఒక్కతే మంచం ఈడుస్తుంటే చూస్తూ నిలబడలేకపోయాను. మంచమూ, స్టవ్వూ, ట్రంకుపెట్టే నేనే మోశాను. ఒక్క పని మాత్రం చాటుగా చేశాను. మా పెంకుటింటి తాళంచెవిని గుత్తిలోంచి తీసి నా సంచిలో వేసుకున్నాను. అమ్మ గుత్తి చేతిలోకి తీసుకుని వేళ్ళతో ఒక్కొక్కటీ తడిమింది. పది. నా వైపు అరచేయి చాపింది, అంతే. ఆ చెయ్యి అలా చాచే ఉంది. పిల్లల మీద గొంతు చించుకునే దాన్ని, ఆ చేతి ముందు సంచి తెరిచాను. తీసి ఇచ్చేశాను.

కంపెనీ మనిషి పదకొండింటికి వచ్చాడు. ముప్పైయేళ్ళుంటాయి, మర్యాదగానే ఉన్నాడు. అమ్మ రెండు చేతులతో గుత్తి అందించింది. అతను పెంకుటింట్లోకి తొంగిచూసి, ఖాళీ గదుల్ని ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు.

"మీరే ఖాళీ చేసేశారు మాషీమా, చాలా సాయం చేశారు," అన్నాడు బెంగాలీలో, సొంత పిన్నితో అన్నట్టు. గేటుకి కొత్త తాళం వేసి, బండెక్కి వెళ్ళిపోయాడు.

అమ్మ ట్రంకుపెట్టె మీద కూర్చుంది. "మాటాడుకోడానికెల్లాడు, వచ్చేత్తాడు," అంది. మధ్యాహ్నమైంది. లాయరుకి ఫోన్ చేశాను. "మీరే బయటికొచ్చారు కదా దీదీ," అన్నాడు.

ఇప్పుడు నది అవతల సంత్రాగాఛిలో ఒక అద్దెగదిలో ఉంటున్నాం. ఒకరోజు ఫోన్లో ఐర్లాండ్ కోటల గురించి వెతికాను. ఒకదానికి కట్టినవాడి దగ్గర్నుంచి ఇవాళ హోటలు నడిపేవాడి దాకా యజమానులందరి పేర్లూ వరసగా రాశారు. గేటు తీసినవాడి ఊసే లేదు. ఫోన్ విసిరికొట్టాలనిపించింది. దానికి వాయిదాలు ఇంకా తీరలేదని ఆగాను.

అమ్మ ట్రంకుపెట్టె కట్లు విప్పనివ్వదు. సాయంత్రం ప్రార్థనలో వకీలుబాబు తర్వాత ఇప్పుడు కంపెనీ కుర్రాణ్ణి కూడా తలుస్తోంది. ఆ తర్వాత నన్ను. "మర్సిపోయుంటాడు పాపం. నువ్వోపాలి ఎల్లి కనపడే," అంటుంది. నేను ప్రతి ఆదివారం చర్చి నుంచి అటు వెళ్తాను. మూడో వారానికి బురుజు లేదు. ఇప్పుడు పెంకుటిల్లూ లేదు, చుట్టూ నీలం రేకులు. కాసేపు అక్కడ నిలబడి ఇంటికొస్తాను.

"పిలిసాడేటే?" అంటుంది అమ్మ.

"ఇవాళ ఆదివారం కదమ్మా," అంటాను. "ఆఫీసు మూసుంది."