పెద్ద రిపేరు పంచిన పాత పెట్టెలు

మా రీడింగ్ రూంకి దానంగా వచ్చిన కంప్యూటర్‌ని మొదటిసారి ఆన్ చేసినప్పుడు అది "ఏవండీ! ఎక్కడ చచ్చారు?" అని అరిచింది.

ఆడగొంతు. మంచి గట్టి గొంతు. అప్పుడక్కడ ఉన్నవాళ్ళంతా పత్రికల్లో తలలు దూర్చుకున్న పెద్దమనుషులు. గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' అని నేను స్వయంగా రాసి అంటించిన కాగితం కూడా ఉంది. అరుపు వినగానే వాళ్ళలో సగం మంది లేచి నిలబడ్డారు. ఒకాయన "వస్తున్నా, వస్తున్నా" అంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వీధి మలుపు దాకా వెళ్ళి, భార్య పుట్టింట్లో ఉన్న సంగతి అక్కడ గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. రీడింగ్ రూం చూసుకునేది నేనే కనుక అందరూ నా వంక చూశారు. నేను కంప్యూటర్ వంక చూశాను. అది నీలం తెర వేసుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

ఆ పెట్టెని మాకిచ్చింది పెద్ద రిపేరు. అది పని పేరు కాదు, మనిషి పేరు. మా వీధిలో అన్నదమ్ములిద్దరు కలిసి కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడిపేవాళ్ళు. అన్న పెద్ద రిపేరు, తమ్ముడు చిన్న రిపేరు. అసలు పేర్లు ఇంట్లోవాళ్ళకైనా గుర్తున్నాయో లేదో అనుమానమే. పెద్దాయన భార్య కూడా ఫోనెత్తితే "పెద్ద రిపేరు వాళ్ళింటి నుంచి మాట్లాడుతున్నా" అనేది.

సాయంత్రం రీడింగ్ రూం తాళం వేసి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఇంటి ముందుగదే కొట్టు. బల్ల మీద ఒక పాత కంప్యూటర్ పొట్ట విప్పి, రంగులు వేసే కుంచెతో దుమ్ము దులుపుతున్నాడు.

"మీరు మాకు కంప్యూటర్ ఇచ్చారా, కాపురం ఇచ్చారా?" అన్నాను.

"ఏమైంది మాస్టారూ?"

జరిగింది చెప్పాను. కుంచె పక్కన పడేసి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"అది రైసుమిల్లు గుమస్తాగారి పెట్టె. వాళ్ళావిడ గొంతు అందులో పెట్టుకున్నాడన్నమాట! ప్రేమంటారా, భయమంటారా?"

"మా వాళ్ళు లేచిన తీరు చూస్తే భయమే."

ఆయన ఇంకోసారి నవ్వబోయి ఆగాడు. "నాకు కనిపించిన ఫైళ్ళన్నీ తీసేశాను మాస్టారూ. అడుగున ఏదో ఉండిపోయింది. మొత్తం తుడిచేసి మళ్ళీ మొదట్నుంచి ఎక్కించాలి. అది నాకు రాదు. ఆ పని వాడిది."

'వాడిది' అంటూ ఆయన చూపు వీధి దాటింది. అవతలి వైపు నిలువెత్తు అద్దాల షోరూం. లోపల కొత్త కంప్యూటర్లు వరసగా మెరుస్తున్నాయి. వాటి మధ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని తమ్ముడు.

కలిసి ఉన్న రోజుల్లో వాళ్ళిద్దరూ ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చునేవాళ్ళు. "ఒళ్ళు నాది, బుర్ర వాడిది" అనేవాడు పెద్దాయన. విప్పడం, కడగడం, విరిగింది అతకడం అన్న వంతు. లోపలి సరుకంతా తుడిచి, కొత్తగా ఎక్కించి, మాట వినేలా చెయ్యడం తమ్ముడి వంతు. పనిలో ఉండగా మాటలు కూడా అక్కర్లేదు. ఈయన చెయ్యి చాపితే ఆ చేతిలో కావలసింది ఉండేది. అలాంటివాళ్ళు ఒక టీచరమ్మ ముందు మాటామాటా అనుకున్నారు. ఆవిడ తన పాత కంప్యూటర్ పట్టుకొస్తే తమ్ముడు "ఇది పారేసి కొత్తది కొనుక్కోండమ్మా" అన్నాడు. "పారేయడమెందుకు, నేను బాగుచేస్తాగా" అన్నాడు అన్న.

"నువ్వు దేన్నీ పారేయనివ్వవు. అందుకే మనం ఎక్కడివాళ్ళం అక్కడే ఉన్నాం."

"అయితే నన్ను పారేసి వెళ్ళరా!"

అనేశాడు. వాడు వెళ్ళాడు. ఎంతో దూరం కాదు, వీధికి అవతలి వైపుకి. నిజంగా దూరమే వెళ్ళి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఫోనైనా వచ్చేది. ఎదురుగా కనిపించే మనిషికి ఫోనెవరు చేస్తారు?

అప్పటి నుంచి పెద్ద రిపేరు ఊళ్ళో ఎవరు ఏ కంప్యూటర్ పారేస్తున్నా తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఆఫీసులవాళ్ళు మెట్ల కింద పడేసినవీ, ఇళ్ళల్లో దుప్పట్ల కింద దాచినవీ. బతికేవాటిని బతికించి, అవసరమున్నవాళ్ళకి ఊరికే ఇచ్చేవాడు. కానీ అడగ్గానే ఇచ్చే రకం కాదు. పుచ్చుకునేవాళ్ళ చోటికి తనే వెళ్ళి, ఒక పూటంతా ఓ మూల కూర్చుని, వాళ్ళు పని ఎలా చేసుకుంటున్నారో చూసి వచ్చేవాడు. కూతురికి సంబంధం చూడబోయినవాళ్ళు కూడా అంతసేపు కూర్చోరు. టైలరమ్మ దగ్గర అలాగే కూర్చుని, జాకెట్టు కొలతలన్నీ దాచుకోవడానికి ఒకటి ఇచ్చాడు. "కిందటేటి కంటే లావయ్యారని ఇప్పుడు నేను చెప్పక్కర్లేదు, అదే చెబుతుంది. గొడవపడితే దాంతోనే పడతారు" అని ఆవిడ తెగ సంబరపడింది. ఇక బతకని పెట్టెల్లోంచి చిన్న ఫ్యాన్లు తీసి చెప్పులు కుట్టే ఆయనకి, జిగురు ఆరబెట్టుకోవడానికి ఇచ్చాడు. కీబోర్డులు పసిపిల్లల్ని చూసుకునే ఆయమ్మకి వెళ్ళాయి. అక్కడి పిల్లలు వాటిని ఎంత గట్టిగా బాదినా ఎవరూ వద్దనరు.

ఇంత చేస్తూ బల్లని మాత్రం ఎప్పుడూ వీధివైపు తిప్పే ఉంచేవాడు. వెలుతురు కోసం అనేవాడు. వెలుతురు పెరటి వైపు నుంచి వస్తుందని ఆ ఇంటికి వెళ్ళిన ఎవరికైనా తెలుస్తుంది.

ఒకరోజు నేనుండగానే అన్నాడు: "వాడికి జలుబు చేసినట్టుంది."

ఆయన భార్య గుమ్మంలోంచే అందుకుంది. "అంత దూరం నుంచి, అద్దంలోంచి, జలుబు కూడా కనిపిస్తుందా మీకు?"

"వాడిది కనిపిస్తుంది."

"కషాయం కాచిస్తాను, పట్టుకెళ్ళండి మరి."

"పెద్దవాణ్ణి. నేనెలా వెళ్తానే?"

"చూడండి మాస్టారూ ఈయన వరస! పెద్దరికమంతా వీధి దాటే దగ్గరే గుర్తొస్తుంది."

ఆయన కుంచె పుచ్చుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్న పెట్టెని మళ్ళీ దులపడం మొదలుపెట్టాడు.

మా కంప్యూటర్ అరిచిన కబురు ఊరంతా పాకింది. నవ్వుకోవడానికి పాకిన కబురు బడి పెద్ద టీచరమ్మ చెవిన ఇంకోలా పడింది. 'ఊరికే ఇస్తున్నాడట' అన్న ముక్క ఒక్కటే ఆవిడ పట్టుకుని వచ్చింది. పిల్లల కోసం గదినిండా కంప్యూటర్లు కావాలి. షోరూంలో బేరం మాట్లాడుకున్నారు గానీ బడికి అంత స్తోమత లేదు.

'షోరూం' అనగానే పెద్ద రిపేరు ముఖం మారింది. "రేపు చెబుతానమ్మా" అని ఆవిడని పంపేశాడు.

"ఇచ్చానంటే వాడి నోటి దగ్గర కూడు లాగేసినట్టే మాస్టారూ" అన్నాడు నాతో. "ఇప్పటికి వాడు నా మీద అలిగాడు, అంతే. ఈ పని చేస్తే నేనంటే అసహ్యం పుడుతుంది. ఇక రాడు."

"అయితే ఇవ్వకండి."

"ఇవ్వను."

మర్నాడు అలవాటు ప్రకారం బడికెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఇవ్వనని చెప్పడానికే వెళ్ళానని ఇప్పటికీ అంటాడు. పిల్లలు అట్టముక్కల మీద కీబోర్డు బొమ్మ గీసుకుని, ఆ గీతల మీద వేళ్ళు ఆడిస్తూ నేర్చుకుంటున్నారట. ఒక పిల్ల తప్పు అక్షరం నొక్కి, ఎవరూ చూడకముందే రబ్బరుతో ఆ అట్టని తుడిచిందట. అది చెబుతూనే ఆయన అరలోంచి ఒక పెట్టె కిందికి దించాడు.

"ఇస్తున్నాను" అన్నాడు.

పిల్లల గదిలో పెట్టెలు ఎవరి కాపురాలో వినిపించకూడదు కదా. మొత్తం తుడిచి ఎక్కించే విద్య ఆయన ఆ వయసులో కూర్చుని నేర్చుకున్నాడు. మొదట్లో రెండు పెట్టెలు కోలుకోలేనంతగా పాడయ్యాయి. ఆ తర్వాత కుదిరింది. మొదటిది సవ్యంగా వెలిగిన రోజు అభినందిద్దామని వెళ్ళాను. ఆయన తెర వంక చూస్తూ దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

"వచ్చేసింది కదా, ఇంకేమిటి?" అన్నాను.

"అదే మాస్టారూ. ఇది నాకు రానన్నాళ్ళూ, బల్లకి అవతల వాడి చోటు వాడికే ఉన్నట్టుండేది. ఇప్పుడు నేనే నేర్చేసుకున్నాను. ఇక వాడితో నాకేం పని ఉందని చెప్పుకోను?"

రీడింగ్ రూం తాళం తీసే వేళయిందని అబద్ధమాడి వచ్చేశాను.

బడివాళ్ళ ట్రాలీ వచ్చి పెట్టెలు ఎక్కిస్తుంటే ఆయన ఒక్కోదానికీ గోనెగుడ్డ చుట్టి తాడు బిగించాడు. అంతసేపూ ఎదుటి వైపు తలెత్తలేదు. ట్రాలీ మలుపు తిరిగాక ఖాళీ అయిన అరల ముందు నిలబడి "అయిపోయింది" అన్నాడు. పెట్టెల సంగతి అనుకున్నాను మొదట.

మర్నాడు మధ్యాహ్నం నేనక్కడ పత్రిక చదువుతుండగా షోరూం తలుపు తెరుచుకుంది. తమ్ముడు సైకిళ్ళని కూడా చూసుకోకుండా వీధి దాటి తిన్నగా వచ్చాడు. దగ్గర్నుంచి చూస్తే చెవుల పక్కన బాగా నెరిసింది. అద్దంలోంచి అది కనిపించేది కాదు. గుమ్మం లోపలికి అడుగుపెట్టి, బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

"అసలు నువ్వేమనుకుంటున్నావన్నయ్యా? ఆ బడి నాకొచ్చిన బేరం. ఊళ్ళో చచ్చినవాటన్నిటినీ లేపి నువ్విలా పంచిపెడుతుంటే కొత్తవి ఎవడు కొంటాడు? నా కొట్టు ఏమైపోవాలి?"

పెద్దాయన భార్య పరుగున వచ్చి గుమ్మంలో ఆగింది. "ఇలా చిక్కిపోయావేంట్రా?"

"నువ్వుండు వదినా, ముందు ఈయన్ని అడగనీ!" మళ్ళీ అన్న వైపు తిరిగాడు. "ఎదురుగా ఉన్నాను. పొద్దున్న లేస్తే నా ముఖమే చూస్తున్నావు. ఇస్తున్నానని ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

పెద్ద రిపేరు కుంచె పట్టుకుని తమ్ముణ్ణి కిందికీ పైకీ తనివితీరా చూస్తున్నాడు. అడిగిన దేనికీ జవాబు చెప్పే ఉద్దేశం ఆ ముఖంలో నాకు కనిపించలేదు. కుంచె బల్ల మీద పెట్టాడు.

"రేపు కూడా వచ్చి తిట్టరా."