బోవాకు ఎనిమిది అడుగుల ఇల్లు కట్టిన మా పెదనాన్న

మా పెదనాన్న కిందటి నెలలో ఇక్కడ బర్మాలో కన్నుమూశారు. పజుండౌంగ్‌లో తన వడ్రంగి షాపులోనే, పొద్దున పదకొండు గంటల వేళ, చిత్రిక పడుతూ పడుతూ పక్కకు ఒరిగిపోయారు. మెదడులో నరం చిట్లిందని డాక్టరు కాగితం మీద రాసిచ్చారు. నేను డౌన్‌టౌన్‌లో మందుల షాపులో పనిచేస్తాను. పెద్దమ్మ ఫోను చేసి, "గుంటా, మీ పెదనాన్న మాటాడ్డం నేదే, బేగి రా" అంది. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది.

జరిగింది ఇదీ. సాయంత్రానికి జనం ఫోన్లలో చదివింది వేరు. "పజుండౌంగ్‌లో పెంపుడు పాము యజమానిని చుట్టి చంపింది" అని ఎవరో రాశారు. పక్కన ఒక ఫోటో. ఆ ఫోటోలోని పాము ఆయనది కాదు, అసలు ఆ జాతే కాదు. కింద వందలమంది నవ్వారు, బుద్ధి చెప్పారు, పాముతో ఆటలాడితే అంతే అన్నారు. ఆయన్ని ఇంకా చాప మీద నుంచి లేపనైనా లేదు. ఒక్కరు కూడా మా గడప దగ్గరికి వచ్చి ఏం జరిగిందని అడగలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం దుఃఖం ఒక్కటే అని చెబితే అబద్ధమవుతుంది. కోపం ఎక్కువగా ఉంది.

ఆయన పాముల మనిషి కాదు. వడ్రంగి. ఆయన తాత విశాఖ నుంచి ఓడరేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. పెదనాన్నకి చెక్కపని వంటబట్టింది. స్వీటు షాపులకీ, బంగారం షాపులకీ టేకు చట్రంతో గాజు బీరువాలు చేసేవారు. ఆయన చేసిన తలుపు మూస్తే చప్పుడు రాదు. బర్మా వాళ్లు ఆయన్ని "సయా" అని పిలిచేవారు, గురువుగారూ అన్నట్టు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, అది ఎక్కడ పెట్టానని వెతుక్కునేవారు. పని మధ్యలో పలకరిస్తే పలికేవారు కాదు. కొలత పూర్తయ్యాక, "ఇప్పుడు సెప్పు, ఏటి?" అనేవారు.

ఏడెనిమిదేళ్ల కిందట లమ్మడా పేటలో ఒక ఫ్లాటులో ఉండే ఒకావిడ మూడడుగుల గాజుపెట్టె చేయమంది. బోవా పిల్లను కొనుక్కుందట. బోవా అంటే దక్షిణ అమెరికా అడవుల పాము. విషం ఉండదు. కొండచిలువలాగే చుట్టి పట్టి తింటుంది. చిన్నప్పుడు మన చేతి పొడవు కూడా ఉండదు, ఒంటి మీద గోధుమ రంగు మచ్చలతో ముద్దుగా ఉంటుంది. అమ్మిన షాపతను ఆవిడకి ఒక మాట చెప్పాడు: "పెట్టె ఎంతుంటే పాము అంతే పెరుగుతుంది." ఆవిడ నమ్మింది. పెదనాన్న కూడా నమ్మారు. మంచి టేకుతో, మెరిసే పాలిష్‌తో చేసి ఇచ్చారు. ఆ షాపతను చూసి మెచ్చుకుని, తన దగ్గరికి వచ్చే వాళ్లందరికీ అలాంటివే చేయించసాగాడు.

రెండేళ్లకో, ఇంకాస్త ఎక్కువకో, లమ్మడా ఆవిడ మళ్లీ కబురు పెట్టింది. మూత సరిగ్గా పడటం లేదు, పాము పైకి తోసేస్తోంది, గట్టి గొళ్లెం వేయమని. ఆరోజు సెలవు కావడంతో నేనూ వెంట వెళ్లాను. నాలుగంతస్తులు మెట్లెక్కి ఆ గదిలోకి వెళ్లి పెట్టె ముందు నిలబడ్డాం.

మూడడుగుల పెట్టెలో ఆరడుగుల పాము. మడతలు పెట్టి కుక్కిన దుప్పటిలా ఉంది. దాని ముక్కు అస్తమానం జాలీకి రాసుకుని చర్మం లేచిపోయి, పచ్చిపుండయింది. ఊపిరి తీస్తే గురగుర చప్పుడు. కిటికీలోంచి ఎండ తిన్నగా గాజు మీద పడుతోంది. ఆ వేడి నుంచి పక్కకు జరగడానికి దానికి పక్క అనేదే లేదు.

పెదనాన్న వంగి దాని ముక్కు వైపు చూశారు. తర్వాత పెట్టె అంచు మీద చేయి వేసి నాతో, "ఇది నాను సేసిన పెట్టే కదే" అన్నారు.

ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. కంగారుగా, "సయా, ఇది ఎప్పుడూ చుట్టుకునే ఉంటుంది. దీనికి ఇంకెంత చోటు కావాలి?" అని అడిగింది.

"సాగడానికి చోటు లేకపోతే ఏం చేస్తుందమ్మా? చుట్టుకునే ఉంటుంది" అన్నారాయన బర్మా భాషలో. గొళ్లెం వేయలేదు. సంచిలోంచి దారం తీసి, ఆవిడ పాము తల పట్టుకుంటే, ముక్కు నుంచి తోక దాకా దారం పరిచి కొలిచారు. ఆరడుగుల మీద నాలుగు వేళ్లు. "ఆడది. ఇంకా పెరుగుతుంది" అంది ఆవిడే, తప్పు చేసినట్టు. ఎనిమిది అడుగుల పెట్టె చేస్తానని ఆయన అంటే, ఆ గదిలో ఎనిమిది అడుగుల గోడ ఎక్కడుందని ఆవిడ చుట్టూ చూసింది. మంచం, బీరువా, వంటపొయ్యి. చోటు లేదు. చివరికి ఆవిడే ఏడుస్తూ, "మీ దగ్గర చోటుంటే తీసుకెళ్లండి" అంది.

చోటు మా పెదనాన్న దగ్గర మాత్రం ఎక్కడిది? షాపు వెనక ఒక గది, పక్కన చిన్న వంటగది, అంతే ఆయనకీ పెద్దమ్మకీ. మంచం తీసేశారు. ఆ రోజు నుంచి పోయేదాకా ఆయన నేల మీద చాప వేసుకునే పడుకున్నారు. పెద్దమ్మ నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు. పాము ఉన్న వైపు చూసేది కాదు. గోడవైపు తిరిగి అన్నం వడ్డించేది. "నాను బతికుండగా దాన్ని ముట్టుకోను, దాని నీళ్లు మార్చను. ముందే సెప్తన్నాను" అంది, మొదటి రోజే.

ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు వస్తుంది. నిండు షీటు కొయ్యకుండా అడుగున పరిచారు. "కంపెనీవోడే సరైన కొలత ఇచ్చాడు, మనం రంపం ఎట్టి పాడుసేత్తన్నాం" అనేవారు. ఎత్తు కూడా దాదాపు నాలుగడుగులు పెట్టి, ఎక్కి పడుకోవడానికి తొడంత లావు కొమ్మ బిగించారు. మూత పైన పెట్టలేదు. పాముకు పైనుంచి చేయి వస్తే గద్ద వచ్చినట్టు ఉంటుందని, ముందువైపు జరిగే గాజు తలుపులూ వాటికి తాళమూ పెట్టారు. గాలికి జాలీ కాకుండా చిన్నచిన్న గుండ్రటి కంతలు, అంచులు నున్నగా రుద్ది. ఒక చివర వెచ్చగా, ఒక చివర చల్లగా, రెండు చోట్లా దాక్కునేందుకు చీకటి గూళ్లు. ఒళ్లంతా మునిగే నీళ్ల తొట్టి. రంగు వాసన పూర్తిగా పోయేదాకా మూడు వారాలు పెట్టెను తెరిచి ఉంచారు. ఆ మూడు వారాలూ పాము వంటగదిలో తాత్కాలికపు గూటిలో ఉంది. పెద్దమ్మ వంట వీధివైపు చేసింది.

కొత్త ఇంట్లోకి వదిలాక మూడు రోజులు అది గూట్లోంచి బయటికి రాలేదు. నాలుగో రోజు పొద్దున గాజు తలుపు వెంబడి, ముక్కు నుంచి తోక దాకా, గీత గీసినట్టు తిన్నగా పడుకుని ఉంది. ఒక్క మడత లేదు. పెదనాన్న రంపం మోటారు ఆపి రంపప్పొట్టులోనే కింద కూర్చుండిపోయారు. "సూడే, ఎంత పొడుగుందో" అన్నారు. ఒళ్లు పెరిగాక అది తనంతట తాను సాగడం అదే మొదటిసారి.

అప్పటి నుంచి చిన్నపెట్టె చేయమని వచ్చిన ప్రతివాళ్లతోనూ ఆయనకు తగువే. "ముందు పాముని కొలవండి. పలక తర్వాత కోద్దాం" అనేవారు. పిల్లపాముకు మొదట్లోనే ఎనిమిదడుగులు ఇమ్మని ఆయన అనలేదు. పిల్ల పెద్ద చోట బెదురుతుంది, చిన్నగూడు తీసుకోండి, అయితే రెండేళ్లలో ఏ గోడ ఖాళీ చేస్తారో ఇప్పుడే చూపించండి అనేవారు. పెద్ద బోవాకు పెట్టె పొడవు కనీసం పాము పొడవంత, వెడల్పు అందులో సగం. దీనికి తగ్గితే ఆయన రంపం పట్టేవారు కాదు. పెట్టెను బట్టే పాము పెరుగుతుందని ఎవరైనా అంటే, "బిగుతు సెప్పులు ఏత్తే కాలు పెరగడం మానేత్తాదేటి? పుండవుద్ది" అని కసిరేవారు. షాపతను పని ఇవ్వడం మానేశాడు. మిగతావాళ్లూ మానేశారు. సయాకు పిచ్చి పట్టిందన్నారు.

అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. దాచుకోను. "వాళ్లడిగింది చేసిచ్చేస్తే పోద్ది కదా పెదనాన్నా, లేకపోతే ఇంకోడు చేస్తాడు" అన్నాను ఒకసారి. ఆయన కోప్పడలేదు. "ఇంకోడు సేత్తాడు. నాను సేసింది ఒకటి సూశాను కదే. మళ్లీ సేతులు రావు" అన్నారు. నేను తల తిప్పుకుని మాట మార్చాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

చావు మర్నాటికే వీధివాళ్లు నలుగురు వచ్చి పామును చంపించమన్నారు. నేను డాక్టరు కాగితం తీసుకుని గడపలో నిలబడి పైకి చదివాను. ఒకతను, "కాగితం సరే, ఫోన్లో అందరూ రాశారు కదా" అన్నాడు. అందరూ రాశారు. అదీ సాక్ష్యం. పాము ఆయన పడిపోయినప్పుడు తాళం వేసిన తలుపు వెనక ఉంది. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంది. దాన్ని విప్పింది నేనే. ఇంటి యజమాని మాత్రం ఆ మాటలేవీ వినలేదు. నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు.

పెద్దకర్మ రోజున పాముల షాపతను తెల్ల పూలదండ పట్టుకుని వచ్చాడు. ఫోటోకు వేసి, చేతులు జోడించి, పెద్దమ్మతో చాలా మర్యాదగా మాట్లాడాడు. "అమ్మా, సయా లాంటి జంతుప్రేమికుణ్ణి నేను చూడలేదు. ఆయన గుర్తుగా ఈ పామును మా షాపు ముందు పెట్టుకుంటాను. పక్కనే ఆయన ఫోటో పెడతాను."

"ఎంత పెట్టెలో?" అని అడిగాను నేను.

"నాలుగడుగులది సిద్ధంగా ఉంది. అంతా గాజే. రంగు లైట్లు కూడా ఉన్నాయి."

పెదనాన్న ఇన్నేళ్లూ ఏ మాటకి ఎదురు నిలబడ్డారో ఆ మాటనే ఇతను ఆయన ఫోటో ముందు నిలబడి, పూలదండ వేసి మరీ అంటున్నాడు. అరిచేదాన్నే. పెద్దమ్మ నా మోచేయి పట్టుకుంది. లేచి వెళ్లి షాపు మేకుకు వేలాడుతున్న కొలత టేపు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"కొలిచి చూడు" అంది బర్మా భాషలో. "తలుపు తాళం తీస్తాను. పామును కొలిచి, నీ పెట్టెను కొలిచి, రెండూ నాకు చెప్పు."

అతను టేపు వైపు, పాము వైపు చూశాడు. తర్వాత వస్తానన్నాడు. రాలేదు.

అతను వెళ్లాక పెద్దమ్మ గోడకి చేరబడి కూర్చుంది. "ఇన్నేళ్లూ ఆ మనిసితో తగువాడాను. మంచం తీసేశాడని తిట్టాను. గానీ ఆయన కొలతలో అబద్దం ఆడనేదే" అంది. కాసేపాగి, "మీ ఇంట్లో కింద గది గోడ ఎంతుంతాది?" అని అడిగింది.

వాగు అవతల తాకేటాలో మా ఇంటి కింది గదిలో పాత సామాన్లు ఉండేవి. రెండు రోజుల్లో తీసి పారేశాం. గోడ తొమ్మిదడుగుల చిల్లర. పెట్టెను ఆయన బోల్టులతో బిగించారు, మేకులు కొట్టలేదు. పలకలు విడదీసి, గాజులు దుప్పట్లలో చుట్టి, కొమ్మతో సహా చిన్న లారీ మీదకి ఎక్కించాం. వీధివాళ్లు తలుపుల్లో నిలబడి చూశారు. మాకెవరూ సాయం పట్టలేదు. పామును దుప్పటి గుడ్డతో కుట్టిన సంచిలోకి దింపి మూతి కట్టాను. దాన్ని వెనక పలకల మధ్య పెడదామని నేనంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు.

ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుని, చీర సర్దుకుని, ఆ సంచిని ఒళ్లో పెట్టించుకుంది. లారీ వాగు మీది వంతెన ఎక్కింది. ఎండ మండుతోంది, కింద నీళ్లలో పడవలు ఆగి ఉన్నాయి. సంచిలో బరువు మెల్లగా ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదకి జరిగింది. పెద్దమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది, పెదాలు బిగించింది. చేతులు మాత్రం తీయలేదు. ఎండ ఆ గుడ్డ మీద పడుతోందని పైట కొంగు లాగి కప్పింది. కళ్లు తెరవకుండానే, "బాబూ, కొంచెం నెమ్మదిగా పోనీ" అంది డ్రైవరుతో.