మాస్టారి టేకుబల్ల

టేకు మాస్టారికి చెక్కంటే ప్రాణం. ఆయన బళ్ళో చెప్పేది లెక్కలే, అయినా వీధంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించరు. తలుపు మీద వేళ్ళతో తట్టి, "హు! పైన పూత, లోపల పొట్టు" అని నిట్టూర్చి, అప్పుడు "బాగున్నారా?" అంటారు.

అలాంటి మనిషి భోజనాల గదిలోకి అసలు సిసలు టేకుబల్ల వచ్చి మూడేళ్ళయింది. మాస్టారి భార్య లెక్కలో, ఆవిడకి సవతి వచ్చి మూడేళ్ళయింది.

సవతి కాకపోతే మరేమిటండీ? దానికి ఎండ తగలకూడదని కిటికీకి పరదాలు కట్టారు. వేడి గిన్నె పెడితే మచ్చ, తడి గ్లాసు పెడితే మచ్చ. వచ్చిన చుట్టాలు కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక, నాలుక కాలినా ఒక్క గుక్కలో తాగేసేవారు. వానాకాలం వస్తే "పాపం, చెమ్మకి ఉబ్బుతుందేమో" అని బల్లకి ఫ్యాను వేసేవారు. వంటింట్లో చెమటలు కక్కే ఆవిడకి మాత్రం "కిటికీ తీసుకోవచ్చుగా!" అని సలహా.

ఇవన్నీ ఎలాగో ఓర్చుకునేది. ఆదివారాలే ఆవిడ వల్ల అయ్యేది కాదు. మాస్టారు పొద్దున్నే పాత బనియను గుడ్డకి అవిసె నూనె అద్ది, చెక్క చారల వెంబడి నెమ్మదిగా, ప్రేమగా, గంటన్నర సేపు రుద్దేవారు.

"ఏవండీ, నా మోకాలు లాగేస్తోంది. కాస్త ఆ చేత్తోనే..."

"ఉండవే, ఇక్కడ పొడిబారింది."

"నాకూ పొడిబారింది!"

"అయితే క్రీము రాసుకో."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు మాస్టారు బడికి బయల్దేరగానే, ఆ బల్ల చేసిన మేస్త్రీని పిలిపించింది.

"ఒక్కసారి కొడితే పదేళ్ళు ముట్టుకోనక్కర్లేని పాలిష్ ఉందటగా? దీనికి కొట్టెయ్. ఇక ఆయన చెయ్యి దీని మీద పడకూడదు."

"సారు వద్దన్నారమ్మా..." మేస్త్రీ తల గోక్కున్నాడు.

"సారు సంగతి నేను చూసుకుంటాను!"

మీరు వసారాలో కూర్చోండమ్మా అని మేస్త్రీ చెప్పినా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. డబ్బా మూత తీశాడో లేదో, ఘాటు గుప్పుమంది. రెండు నిమిషాల్లో ఆవిడకి దగ్గు, ఆ వెంటనే ఆయాసం. మరిచిపోయిన కళ్ళజోడు కోసం సరిగ్గా అప్పుడే వెనక్కొచ్చిన మాస్టారు గుమ్మంలోంచే పరుగెత్తుకొచ్చారు. ఆ కంగారులో మేస్త్రీ చేతిలోని బ్రష్ కాస్తా జారి బల్ల మీద పడింది.

"ఏవండీ, బల్ల! బల్ల మీద పడింది!" దగ్గుతూనే ఆవిడ కేక పెట్టింది.

"దాని మొహం! ముందు నువ్వు బయటికి పద."

వసారాలో కూర్చోబెట్టి, వీపు నిమిరి, నీళ్ళు తాగించారు. డబ్బా వీధిలో పెట్టొచ్చిన మేస్త్రీ ఇక దాచలేకపోయాడు.

"అమ్మకి చెప్పెయ్యండని అప్పుడే అన్నాను సారూ! పక్కింటి తలుపులకి పాలిష్ వేస్తే అమ్మ వారం రోజులు ఊపిరాడక అవస్థ పడి, అది జలుబనుకున్నారటగా. అందుకే మీరు, మా ఇంట్లో ఆ డబ్బా మూత తియ్యొద్దు, నూనె చాలు, ఎన్ని ఆదివారాలైనా నేనే రుద్దుకుంటాను అన్నారు."

మాస్టారు దొంగలా నేలచూపులు చూశారు.

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?" అంది ఆవిడ.

"చెప్తే, నా కోసం అంత అవస్థ ఎందుకు, ప్లాస్టిక్ బల్ల కొనండి అనేదానివి. ప్లాస్టిక్!" ఆ మాటకే ఆయనకి ఒళ్ళు జలదరించింది.

ఆదివారం మాస్టారు గరుకు కాగితం పుచ్చుకుని, అరచేతంత మచ్చని గీకబోయారు. ఆవిడ అడ్డం నిలబడింది.

"దాని జోలికి వెళ్ళారంటే ఊరుకోను. అది నాది."

ఇప్పుడు చుట్టాలెవరొచ్చినా, మాస్టారు సిగ్గుతో మొహం తిప్పుకుంటూ ఉంటే, ఆవిడ వాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ మచ్చ చూపిస్తుంది. "ఇది పడ్డప్పుడు ఈయన బల్ల వంక చూడనే లేదు, తెలుసా!"