చొక్కా మీద సొన మరక

మొన్న మామిడి కోతల దగ్గర నిలబడితే సొన ఘాటు ముక్కుకు తగిలింది. పక్క తోట రైతు తన కూలీ గురించి విసుక్కుంటున్నాడు. "టీబీ మందులు ఫ్రీయే కదండీ, వేసుకోడానికేం?" నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళుగా మా నాన్న గురించి ఆ మాట అంటూ తిరిగింది నేనే.

నాన్న చాట్రాయి తోటల్లో కాయ కోసేవాడు. టీబీ వచ్చాక వారానికి మూడు రోజులు బస్సులో నూజివీడు వెళ్ళి, ఆస్పత్రిలో నర్సు ఎదుటే మాత్రలు వేసుకోవాలి. ఒక శుక్రవారం సాయంత్రం ఆయన చొక్కా మీద ఇంకా ఆరని మామిడి సొన మరక చూశాను.

"అమ్మా, నాన్న ఆస్పత్రికి పోలేదే! తోటకెళ్ళాడు!"

"నీకు పోలీసు ఉద్యోగం ఖాయంరా," అని నాన్న నవ్వబోయి దగ్గాడు.

అమ్మ నవ్వలేదు. "మాత్రలు ఊరికే ఇస్తుంటే వెళ్ళడానికేంటయ్యా?"

"మాత్రలు ఊరికేనే. ఆస్పత్రికంటూ రోజు మార్చి రోజు పని మానేస్తే వేరేవాణ్ణి పెట్టుకుంటానన్నాడు మేస్త్రి. కోతలుండేదే నెల్లాళ్ళు. తర్వాత ఏం తింటాం?"

నాకర్థమైంది ఒక్కటే, నాన్నకి మందులంటే బద్ధకమని. బడిలో అదే చెప్పాను. పెద్దయ్యాకా అదే చెప్పాను. జబ్బు తిరగబెట్టి, మరుసటి వేసవికి ఆయన కాయ కోసే కర్ర ఎత్తలేకపోయినప్పుడు కూడా, చేజేతులా చేసుకున్నాడనే అన్నాను.

ఆ శుక్రవారం కూలితో తెచ్చిన బియ్యమే అమ్మ వండింది. నేను మారు అడిగి మరీ తిన్నాను. ఇన్నేళ్ళూ చెప్పిన కథలో ఆ అన్నం సంగతి ఒక్కసారీ చెప్పలేదు.