వామి చుట్టూ మూడు చుట్లు

పదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పరుల అబద్ధాలను వేదికలెక్కి చీల్చి చెండాడటమే పనిగా పెట్టుకున్నవాణ్ణి. నాది మాత్రం ఎవరి కంటా పడకుండా దాచుకున్నాను. మీరు నా వ్యాసాలు చదివేవారైతే నన్ను నిజం మాట్లాడే మనిషిగా ఎంచి ఉంటారు. ఆ గౌరవం పుచ్చుకున్న ప్రతిసారీ నాకు ఒక మనిషి ముఖం గుర్తుకొచ్చేది. ఇప్పుడు కూడా పేరు లేకుండా రాస్తున్నాను. పిరికితనమే. పేరు పెట్టి రాద్దామని నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చింపేశాను.

కడిగిన కారును ఆరబెట్టడం దగ్గర మొదలవుతుంది నా తప్పు. నవ్వకండి.

పందొమ్మిది వందల యాభైల చివరి మాట. మాది అల్లూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే ఊరు. మా నాయన పోయాక, సభలకు తిరగటానికని చెప్పి ఒక పాత కారు కొన్నాను. అది సగం నిజం. మిగతా సగం, కారున్న మనిషిగా కనపడాలని. ఆయుధపూజ నాడు దానికి బొట్టు పెట్టనివ్వలేదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టనివ్వలేదు. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఊరంతా చెప్పుకున్నారు. చెప్పుకోవాలనే చేశాను కూడా.

నడపటానికి ఏసోబును పెట్టుకున్నాను. మా ఊరి క్రైస్తవ పాలెం మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. మద్రాసులో ఒక షెడ్డులో పని నేర్చుకుని, లైసెన్సు సంపాదించుకుని వచ్చాడు. ఆ పాలెంలో లైసెన్సున్నవాడు అతనొక్కడే. దాన్ని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. దొరా అనవద్దు, అన్నా అని పిలువు అని మొదటి రోజే చెప్పాను. సిగ్గుపడ్డాడు. నాలుగు రోజులకు అలవాటు చేసుకున్నాడు. ఈ సంగతిని నేను రెండు సభల్లో చెప్పుకున్నాను.

మా వైపు బావి నీళ్ళు ఉప్పన. కడిగిన కారును అట్లాగే వదిలేస్తే ఎండకు తెల్లటి మచ్చలు కడతాయి, కొన్నాళ్ళకు రేకు తుప్పు పడుతుంది. అందుకని ఏసోబు కడగటం కంటే ఆరబెట్టడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టేవాడు. పాత పంచె చింపి మూడు గుడ్డలు చేసుకున్నాడు. ఒకటి నీళ్ళు లాగటానికి, ఒకటి పొడిగా తుడవటానికి, ఒకటి అద్దాలకు. తలుపులన్నీ తెరిచి, వేలికి గుడ్డ చుట్టుకుని అంచులు తుడిచేవాడు. అంతా అయ్యాక కారెక్కి పెరట్లోని గడ్డివామి చుట్టూ మూడుసార్లు తిప్పేవాడు. మనిషి నడకంత నిదానంగా. బండి మూలుగుతూ పోయేది. అతని పెదవులు కదులుతుండేవి. ఏదైనా పాట పాడుకునేవాడో, చుట్లు లెక్కపెట్టుకునేవాడో. నాకు మాత్రం అది ప్రార్థనగానే కనపడింది.

ఎందుకు తిప్పుతున్నావని అడిగానా? అడగలేదు. ప్రశ్నించండి, కారణం అడగండి అని ఊరూరా గొంతు చించుకునే నేను, నా పెరట్లో నా ముందు తిరుగుతున్న మనిషిని ఒక్క మాట అడగలేదు. చూడగానే తెలిసిపోయిందనుకున్నాను. మతం మారినా ప్రదక్షిణం మారలేదని పత్రికలో వ్యాసం రాశాను. గుడి చుట్టూ తిరిగిన కాళ్ళకు ఇప్పుడు గడ్డివామి దొరికిందని అందులో ఒక వాక్యం. అతని తాతలను ఏ గుడీ దరిదాపులకు రానివ్వలేదన్న సంగతి ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు తట్టనే లేదు. వ్యాసం బాగుందని ఉత్తరాలు వచ్చాయి. దాచిపెట్టుకున్నాను.

ఒక రోజు అల్లూరులో వాదసభ. విధి అనేది ఉందా లేదా అని చర్చ. లేదని వాదించేది నేను. నాతో రావటానికి ఇద్దరు స్నేహితులు ముందే మా ఇంటికి వచ్చారు. ముందురోజు వానకు కారంతా బురద. ఏసోబు పొద్దున్నే కడగటానికి దిగాడు. వానా బురదా కదా, చాలా నీళ్ళు పోశాడు. తుడవటం అయ్యేసరికి మేం వసారాలో కాఫీ తాగుతున్నాం. అతను కారెక్కి వామి వైపు తిప్పాడు. స్నేహితుల్లో ఒకాయన ప్లీడరు. గ్లాసు పట్టుకునే లేచి నిలబడ్డాడు.

“ఏమబ్బా, నువ్వు రాసింది ఇదేనా? మూడు చుట్లతో సరా, పొర్లుదండాలు గూడా ఉండాయా?”

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. మరుక్షణమే సిగ్గేసింది. మూఢనమ్మకాలను ఎండగట్టడానికి బయలుదేరుతున్నవాడి పెరట్లో ఇదేమిటి? వసారా దిగి, చెయ్యెత్తి కారు ఆపాను.

“చాల్లే ఏసోబూ. ఆ తిరుగుడు ఇంక మానుకో. పోదాం.”

“ఒక్క చుట్టన్నా కాలేదన్నా. ఆరాల.”

“పొద్దున్నించీ తుడస్తానే ఉండావు గదా! ఇంకేం ఆరాల?”

“పైన ఆరింది. లోపల ఆరలా.”

“లోపలంటే ఏంది? కారుకు ఆత్మ ఉండాదా?”

ప్లీడరు తొడ చరుచుకున్నాడు. ఏసోబు వాళ్ళవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“అది కాదన్నా. చక్రాల కాడ...”

“మూడే ఎందుకు? రెండు చుట్లకు ఆరదా?”

“మా మేస్త్రి మూడు తిప్పమన్నాడు.”

“మేస్త్రి చెప్పినాడు, పూజారి చెప్పినాడు, తాత చెప్పినాడు! నీ బుర్ర ఏం చెప్తాండాది?”

అతను నవ్వబోయి మానుకున్నాడు. “పది నిమిషాలన్నా,” అన్నాడు.

“సభ నీకోసం ఆగదు. తియ్యి బండి.”

చక్రాల కాడ, అన్నాడు. ఆ తరువాత ఏం చెప్పబోయాడో వినటానికి ఎంతసేపు పట్టేది? ఒక గుటక కాఫీ తాగేంతసేపు. పదేళ్ళుగా ఆ మాటను నేనే పూర్తి చేస్తున్నాను, రకరకాలుగా. ఒక్కోసారి అతని గొంతుతో, ఒక్కోసారి నా గొంతుతో. ప్రతిసారీ అది చాలా చిన్న వాక్యం.

మా వీధి ఊరి చివరే కాలవ గట్టు ఎక్కుతుంది. గట్టు మీదినుంచి దారి ఒక్కసారిగా పల్లంలోకి దిగి మలుపు తిరుగుతుంది. దిగుతున్నాం. వెనక ఇద్దరూ ఇంకా ఆత్మ మాటే చెప్పుకుని నవ్వుతున్నారు. నేను ముందు, ఏసోబు పక్కన. మలుపులో పెంచలమ్మ ఎదురైంది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి, గంప నెత్తిన ఉంది. ఏసోబు బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. అతని కాలు మళ్ళీ లేచి మళ్ళీ దిగటం చూశాను. వేగం తగ్గనే లేదు. హారను కొడుతూ బండిని పొలం వైపు తిప్పాడు. కారు బురదలో కూరుకుంది. కానీ పోతూ పోతూ ఆమెను కొట్టింది.

కుడికాలు నుజ్జయింది. ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. ఊళ్ళు తిరిగి అమ్ముకుంటే గాని గడవని మనిషి.

నాలుగో రోజు కారు చూడటానికి ఒక మెకానిక్కు వచ్చాడు. చక్రాలు విప్పి చూసి, చేతులు తుడుచుకుంటూ నాతో అన్నాడు:

“బ్రేకులు బాగానే ఉండాయి సార్. కడిగినాక లోపల తడి పోలేదు, అంతే. లోపలికి నీళ్ళు పోతే కాలు పెట్టినా పట్టవు. నిదానంగా నడుపుతా, బ్రేకు తొక్కిపెట్టి నాలుగు అడుగులు తిప్పితే రాపిడికి వేడెక్కి ఆరిపోతాయి. మీ ఏసోబు ఎరగని పని కాదే!”

రాపిడి. వేడి. ఆవిరి. బడిపిల్లలకు నేను బల్ల గుద్ది చెప్పే మాటలే. ఆ మూలుగు బ్రేకుల మూలుగు. ఆ పెరట్లో యంత్రం సంగతి తెలిసి పనిచేస్తున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. కళ్ళతో చూసినదానికి కారణం అడగకుండా గుడ్డిగా నమ్మినవాడు కూడా ఒక్కడే. వాళ్ళిద్దరిలో నేనెవరినో ఆ రోజు నాకు తెలిసిపోయింది. కోర్టుకు పోకముందే తెలిసిపోయింది. ఇది ముఖ్యం. తెలియక చేశానని ఎవరూ నన్ను వెనకేసుకు రావద్దు.

ఏసోబు మీద కేసు పెట్టారు, అజాగ్రత్తగా నడిపాడని. అతను దేవుని ఎదుట నిజం చెబుతానని ప్రమాణం చేసి, నిజమే చెప్పాడు. కడిగినాక తిప్పి ఆరబెట్టాలని, ఆ పొద్దు అన్న వద్దన్నాడని, అయినా నడిపింది తనే కాబట్టి తప్పు తనకూ ఉందని. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

తరువాత నన్ను పిలిచారు. దేవుడి పేర ప్రమాణం చేయనన్నాను. చట్టం ఒప్పుకుంటుంది, మేజిస్ట్రేటూ ఒప్పుకున్నాడు. అక్కడితో ఊరుకోలేదు. నిజం చెప్పటానికి మనిషికి పైనుంచి భయం అక్కరలేదని నిండు కోర్టులో రెండు మాటలు మాట్లాడాను. వెనక బల్లమీద కుర్రకారు మెచ్చుకోలుగా చూశారు. నిజమే చెబుతానని మనస్సాక్షిగా ధ్రువీకరించాను.

“కారు ఆరబెట్టవద్దని మీరు డ్రైవరుతో చెప్పారా?”

“లేదు. బండి సంగతులు నేను అతనికే వదిలేస్తాను.”

ఏసోబు “అన్నా” అన్నాడు. గట్టిగా కాదు. పక్కనున్న జవాను ఊరుకోమన్నాడు. ఊరుకున్నాడు. నా స్నేహితులిద్దరూ తాము మాటల్లో ఉండి ఏమీ వినలేదని చెప్పారు.

ఎందుకు చెప్పాను? జైలుకు భయపడి కాదు. వద్దన్నందుకు నన్ను జైల్లో వేసేవారు కారని ప్లీడరు ముందే చెప్పాడు. నిమ్మకాయ పెట్టనివ్వనివాడికి దేవుడు బుద్ధి చెప్పాడని అప్పటికే ఊళ్ళో అనుకుంటున్నారు. అవతలి పక్షం పత్రిక దాన్నే రాసింది. డ్రైవరు మరిచిపోయాడంటే మనిషి పొరపాటు, అక్కడితో తీరిపోతుంది. నేను ఆపానంటే నా వ్యాసం బయటికొస్తుంది. ప్రదక్షిణం అని ఎగతాళి చేసింది బ్రేకులు ఆరబెట్టడాన్నా అని జిల్లా అంతా నవ్వుతుంది. ఉద్యమానికి దెబ్బ అని నాకు నేను చెప్పుకున్నాను. ఉద్యమానికా? ఒక వ్యాసానికి. ఆ వ్యాసం కింద ఉన్న ఒక పేరుకు. దాన్ని కాపాడటానికి ఒక మనిషి అన్నం తినే దారిని మూసేశాను.

మూడు నెలలు జైల్లో ఉన్నాడు. లైసెన్సు రద్దయింది. తిరిగొచ్చి ఉప్పు కొటార్లలో కూలికి పోయాడు. ఒకసారి గట్టు మీద ఎదురయ్యాడు. కాళ్ళు ఉప్పునీళ్ళకు పగిలి తెల్లగా ఉన్నాయి. దారి పక్కకు తప్పుకుని, తలగుడ్డ తీసి, “దొరా” అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. అలా అని ఉంటే బతికిపోయేవాణ్ణి.

పెంచలమ్మకు ప్రతి ఏడూ వడ్లు పంపుతున్నాను. ఊరు దాన్ని దయ అంటోంది. నేను కాదనలేదు.

ఇది చదివి పూజారులు సంబరపడనక్కరలేదు. వంద నిమ్మకాయలు తొక్కించినా ఆ బ్రేకులు ఆరేవి కావు. దేవుడు లేడని ఈనాటికీ అంటాను. నన్ను శిక్షించటానికి ఎవరూ లేరు, క్షమించటానికీ ఎవరూ లేరు. క్షమించే హక్కున్న ఇద్దరిలో ఒకామెకు నిజం తెలియదు. ఇవాళైనా పోయి చెప్పగలను. ఆమె గుడిసె రెండు మైళ్ళే. ఎందుకు పోలేదు? ఈ ప్రశ్నకు నా దగ్గర వాదన లేదు. రెండోవాడు భార్యాబిడ్డలతో అరవ దేశం వైపు వెళ్ళిపోయాడని విన్నాను. ఎక్కడున్నాడో తెలియదు. తెలియదు అనటం కూడా అబద్ధమే. తెలుసుకోలేదు.

కోర్టులో ఆ ప్రశ్న మళ్ళీ ఎవరూ వేయరు. అందుకని అడగకుండానే చెబుతున్నాను. అవును, ఆరబెట్టవద్దని చెప్పింది నేనే. అతను ఆరాలన్నాడు. కారణం చెప్పబోయాడు. పది నిమిషాలు అడిగాడు. నేను నవ్వి, వద్దన్నాను. ఏసోబు చెప్పిన ప్రతి మాటా నిజం. నేను చెప్పిన రెండు వాక్యాలూ అబద్ధం. పదేళ్ళు ఆలస్యంగా, ఏ దేవుడి పేరూ ఎత్తకుండా, ధ్రువీకరిస్తున్నాను.