రెజీనమ్మ తొట్టి

అంట్ల నీళ్లలో వేలు ముంచి నాకే రెజీనమ్మను పిచ్చిదనుకోవడం మా వీధి చేసిన తప్పే. పెరట్లో కంకర, కొబ్బరిపీచు పరిచిన తొట్టిలో ఆమె వానపాముల్ని పెంచుతోంది. ఇంట్లో వాడిన నీళ్లను అవే శుభ్రం చేస్తాయి. అడుగున కారిన నీళ్లు వంగమొక్కలకు పోతాయి. ఉప్పు తగిలితే వానపాములు చస్తాయి గనక రుచి చూడందే చుక్క పొయ్యదు. ఎండుచేపలు కడిగిన నీళ్లయితే బిందెతో మోసుకెళ్లి రోడ్డవతల పారబోస్తుంది. ఈ ఎండాకాలం ఊరి పక్క రొయ్యల గుంటల ఉప్పు మేం వాడే బోరులోకే మెల్లమెల్లగా దిగింది; అలవాటైపోయి ఆమె నాలుక్కి తెలియలేదు. నిన్న పొద్దున చూస్తే వానపాములన్నీ తొట్టి గోడెక్కి, బయట పడి ఎండిపోయి ఉన్నాయి. ఆమె చీపురు ముట్టకుండా ఒక్కోదాన్నీ చేత్తో ఏరుతోంది. పక్కింటి ఆండ్రూ గోడ మీంచి తొంగిచూసి, "ఏందత్తా, నీ బిడ్డలు సంచులు సర్దుకోని లేచిపోయినారే?" అన్నాడు.

రెజీనమ్మ తలెత్తలేదు. "వాటికైనా బుద్ధుండాదిరా. మనం ఆ నీళ్లే తాగతా ఈడ్నే పడుండాం."